పాట తెగిన చోటు

(ఒక సాయంకాలపు సభలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. వెనక వరసల దాకా వినిపిస్తోందా? సరే, మొదలుపెడతాను.

నాకొక పాట ఉంది. దాని పేరు చెప్పను. చెబితే మీలో సగం మంది మొహాల మీదకి నవ్వు వచ్చేస్తుంది, అంత హుషారైన పాట. కాలు ఆడించకుండా వినడం కష్టం.

పదకొండేళ్ల కిందట మా నాన్న ఐసీయూలో ఉన్నప్పుడు, బయట నడవాలో తొమ్మిది రాత్రులు కూర్చున్నాను. నా ఎదురు కుర్చీలో ఒకాయన ఉండేవారు. వాళ్ల మనిషీ లోపలే. ఆయన ఫోన్‌కి ఆ పాటే రింగ్‌టోన్. ఫోన్ చొక్కా జేబులో ఉండేది, జేబుకి బొత్తాం. మోగగానే ఆయన లేచి నిలబడి, బొత్తాం తీసి, ఫోన్ బయటికి లాగి, కళ్లజోడు నుదుటి మీదకి నెట్టుకుని, ఎవరో చూసుకుని, అప్పుడు ఎత్తేవారు. ఈలోపు పల్లవి మొదటి పాదం అయిపోయేది. రెండో పాదంలో మూడో మాట దగ్గర పాట టక్కున తెగిపోయేది. ఒకటి రెండు మాటలు అటూఇటూగా, ఎప్పుడూ అక్కడే. పదో రోజు తెల్లవారుజామున నాన్న పోయారు.

ఇప్పటికీ ఆ పాట ఎక్కడ వినబడినా నా అరచేతులు చల్లబడతాయి. పాటంతా కాదు. చరణాలు వింటే నాకేమీ అవదు. పల్లవి రెండో పాదంలో ఆ మూడో మాట వస్తుంది చూడండి, అక్కడ. పాట ఆ మాట దాటి ముందుకు పోతుంటే, లోపల ఎవరో 'ఇక్కడ ఆగాలి కదా' అంటున్నట్టు ఉంటుంది. పాట రాసినవాళ్లు అక్కడ ఏమీ పెట్టలేదు. పాడినవాళ్లూ ఏమీ పెట్టలేదు. అక్కడున్నదంతా నేను పెట్టుకున్నదే.

మా తమ్ముడు అప్పుడు వేరే దేశంలో ఉన్నాడు, ఆఖరి రోజుకి గానీ చేరుకోలేకపోయాడు. వాడికి ఆ పాట చాలా ఇష్టం. కారులో సౌండ్ పెంచుకుని మరీ వింటాడు. ఒకే తండ్రిని పోగొట్టుకున్నాం, పాట కూడా ఒకటే. ఆ రాత్రుల్లో వాడు ఆ నడవాలో లేడు, అంతే తేడా.

నేను సైకాలజీ పాఠాలు చెప్పుకుని బతుకుతున్నాను. జ్ఞాపకశక్తి గురించి ఏళ్ల తరబడి క్లాసులో చెప్పినదాని కంటే ఆ నడవాలో నేర్చుకున్నదే ఎక్కువ. జ్ఞాపకం పాటలో ఉండదు. పాటకి మనం ముడి వేస్తాం. వేస్తున్నప్పుడు ఆ సంగతి మనకే తెలియదు.

ఈ మాట నాకంటే చాలా ముందే ఒకాయన చెప్పాడు, రూసో అనే తత్వవేత్త. అప్పట్లో స్విస్ సైనికులు పరాయి దేశాల సైన్యాల్లో జీతానికి పనిచేసేవాళ్లు. వాళ్ల కొండల్లో పశువుల కాపరులు వాయించుకునే ఒక బాణీ ఉండేది. 1768లో అచ్చయిన తన సంగీత నిఘంటువులో రూసో దాని గురించి రాశాడు. ఆ బాణీ వింటే సైనికులు ఏడ్చేవాళ్లట, కొలువు వదిలి పారిపోయేవాళ్లట, చచ్చిపోయేవాళ్లు కూడా ఉన్నారట. అందుకని దళాల్లో దాన్ని వాయిస్తే మరణశిక్ష అని నిషేధించారని ఆయన రాశాడు. ఆ శిక్ష మాట అలా ఉంచండి. నాకు కావలసింది ఆ తర్వాతి వాక్యం. ఆ బాణీ పరాయివాళ్ల మీద ఏ ప్రభావమూ చూపదు, దాని బలమంతా అలవాటు నుంచీ జ్ఞాపకాల నుంచీ వచ్చింది అంటాడు. అక్కడ సంగీతం సంగీతంగా పనిచేయడం లేదు, గుర్తుచేసే చిహ్నంగా పనిచేస్తోంది అంటాడు. మెదడు స్కానర్లు పుట్టడానికి రెండు వందల ఏళ్ల ముందు మాట ఇది.

ఆ సైనికుల జబ్బుకి అప్పటికే ఒక పేరు ఉంది. 1688లో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి తన సిద్ధాంత వ్యాసంలో దానికి నోస్టాల్జియా అని పేరు పెట్టాడు. రెండు గ్రీకు మాటలు కలిపి ఆయన ఆ పేరు కట్టాల్సి వచ్చింది. మనకి బెంగ అని రెండక్షరాల్లో సిద్ధంగా ఉంది.

అయితే పాటకే ఎందుకు ఈ ముడి పడుతుంది? ఆ నడవాలో గోడలకి ఏదో రంగు ఉండే ఉంటుంది, నాకు గుర్తు లేదు. కుర్చీలు ఎలాంటివో గుర్తు లేదు. పాట మాత్రం తెగిన మాటతో సహా ఉంది.

ఒక కారణం, పాటని మనం అనుకున్నదానికంటే చాలా సూక్ష్మంగా దాచుకుంటాం. 1999లో షెలెన్‌బర్గ్, ఆయన సహచరులు ఒక ప్రయోగం చేశారు. జనానికి బాగా తెలిసిన పాటల్లోంచి సెకనులో పదో వంతు ముక్క కోసి వినిపించి, ఇచ్చిన పాటల్లో ఇది ఏదో చెప్పమన్నారు. సెకనులో పదో వంతంటే రెప్పపాటు కూడా కాదు. అందులో మాట ఉండదు, రాగం ఉండదు. అయినా గుడ్డిగా ఊహించి చెప్పేవాళ్ల కంటే బాగా మెరుగ్గా పోల్చుకున్నారు. ఆ కాస్తలో దొరికేది ధ్వని రంగు, అంటే ఆ గొంతులో జీర, ఆ వాయిద్యం నాదం, ఆ రికార్డింగ్‌కే ఉన్న ఒక తీరు. అందుకే మీకు ప్రాణమైన పాత పాటని ఇంకొకరు ఎంత బాగా పాడినా ఏదో వెలితిగా ఉంటుంది. పాడినవాళ్ల తప్పు కాదు. మీరు ముడి వేసుకున్నది ఆ గొంతుకి.

డేనియల్ లెవిటిన్ 1994లో 46 మందిని పిలిచి, మీకు బాగా నోటికొచ్చిన పాట పాడమన్నాడు. శ్రుతి ఇవ్వలేదు, ముందు వినిపించలేదు. అయినా చాలామంది అసలు రికార్డింగ్ శ్రుతికి అక్కడో, దగ్గర్లోనో ఎత్తుకున్నారు. వేగం కూడా అంతే, ఎక్కువ సార్లు తేడా ఎనిమిది శాతం దాటలేదు. మనకి సంగీతం రాదని చెప్పుకునే మనమందరం లోపల ఇంత కచ్చితంగా దాచుకుని తిరుగుతున్నామన్నమాట.

ఇంకో కారణం నాకు మరీ దగ్గరిది. పాట కాలంలో నడుస్తుంది. ఫోటో అంతా ఒక్కసారే కనిపిస్తుంది, పాట మాత్రం ఒక్కో మాటా వచ్చి పోతుంది. తెలిసిన పాటైతే మనసు దానికంటే ఓ అడుగు ముందు నడుస్తుంది. 2011లో మాంట్రియల్‌లోని మెగిల్ విశ్వవిద్యాలయంలో వలోరీ సలింపూర్ బృందం దీన్ని మెదడులోనే చూసింది. ఒళ్లు పులకరించే చోటు పాటలో వచ్చినప్పుడు మెదడులో డోపమైన్ అనే రసాయనం విడుదలవుతోంది. ఆ చోటు రాకముందు, 'ఇదిగో వస్తోంది' అని ఎదురుచూసే క్షణాల్లో కూడా విడుదలవుతోంది, మెదడులో మరో భాగంలో. ఎదురుచూపు అనేది పాటలో భాగమే. నా పాటలో ఆ మూడో మాట దగ్గర నాకు తగిలేది కూడా ఎదురుచూపే. నేను ఎదురుచూసేది పాట ఆగడం కోసం.

సరే, నా పాట వదిలేద్దాం. మీ పాటల సంగతి చూద్దాం.

ప్రతి ఏడూ కొత్త బ్యాచ్ వచ్చినప్పుడు మొదటి క్లాసులో పిల్లలకి ఒక చీటీ ఇస్తాను. ఒక పాట రాయండి, అది వింటే ఏం కనిపిస్తుందో ఒక్క వాక్యం రాయండి అంటాను. పేరు రాయక్కర్లేదు. చీటీలు ఇంటికి తీసుకెళ్లి రాత్రి ఒక్కదాన్నే కూర్చుని చదువుతాను. నా ఉద్యోగంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన రాత్రి అదే.

ఆ చీటీల్లో పెద్ద రోజులు తక్కువ కనిపిస్తాయి. ఫంక్షన్ కోసం ఏరి కోరి పెట్టించిన పాటలు, వీడియో కింద ఎడిటర్ వేసిన పాటలు దాదాపు ఉండవు. ఉండేవి ఇలాంటివి: 'ఇల్లు మారిన రోజు ఖాళీ గదిలో అక్క హమ్ చేసిన పాట.' 'రిజల్ట్స్ చూసుకోవడానికి వెళ్తుంటే పక్క బైక్ వాడు వింటున్న పాట.' 'వాడు నాతో మాట్లాడటం మానేశాక మూడు నెలలు రోజూ విన్నాను.' ఒక చీటీలో ఇంతే ఉంది: 'తమ్ముడు పుట్టాడని ఫోన్ వచ్చినప్పుడు టీవీలో.' నేను ఆ చీటీ దాచుకున్నాను. జీవితం మలుపు తిరుగుతున్న చోట పక్కన ఏ పాట మోగుతుందో మనం నిర్ణయించలేం. మోగింది అతుక్కుపోతుంది. ఏరి పెట్టుకున్న పాట ఆ రోజుకి అలంకారంగా ఉంటుంది, నిజమే. కానీ అప్పుడు మన ధ్యాస అతిథుల మీదో, బట్టల మీదో ఉంటుంది.

చీటీల్లో ఇంకొకటి కనిపించి మొదట్లో ఆశ్చర్యపోయేదాన్ని. ఇరవై నిండని పిల్లలు వాళ్లు పుట్టక ముందు పాటలు రాస్తారు. పక్కన 'నాన్న కారులో' అనో, 'అమ్మ బట్టలు మడతపెడుతూ' అనో ఉంటుంది. 2013లో కరొల్ క్రమ్‌హాన్సల్, జస్టిన్ జుప్నిక్ దీన్నే కొలిచి చూపించారు. ఇరవై ఏళ్ల వాళ్లకి అంతకుముందు యాభై అయిదేళ్లలో బాగా ఆడిన పాటలు వినిపించారు. సొంత కాలపు పాటలతో గట్టి జ్ఞాపకాలు ఉంటాయని అందరూ ఊహించేదే. కానీ వాళ్ల అమ్మానాన్నల యవ్వనంలో వచ్చిన పాటల దగ్గర కూడా గ్రాఫ్ పైకి లేచింది. అంతకు ముందు తరం పాటల దగ్గర మరో చిన్న ఎత్తు కూడా కనిపించింది. ఇంట్లో మోగిన పాట ఒక తరం నుంచి ఇంకో తరానికి ఇలా దిగుతుంది. మీరు కారులో ఏం పెడుతున్నారో వెనక సీట్లో కూర్చున్నవాళ్లు వినడం లేదనుకోకండి, వింటున్నారు.

సొంత కాలం అంటే ఏది? పెద్దవయసు వాళ్లని జ్ఞాపకాలు చెప్పమంటే సుమారు పదేళ్ల వయసు నుంచి ముప్పై దాకా జరిగినవే ఎక్కువ వస్తాయని 1980ల నుంచీ పరిశోధకులు చూస్తున్నారు. పాటల్లో గ్రాఫ్‌లోని ఈ ఎత్తు ఇంకా ముందుకి జరుగుతుంది, టీనేజ్ వైపు. ఎందుకో ఊహించడం కష్టం కాదు. అన్నీ మొదటిసారి జరిగే వయసు అది. మొదటి స్నేహం తెగడం, మొదటిసారి ఇల్లు వదలడం, మొదటి జీతం, నేనెవరు అన్న ప్రశ్న మొదటిసారి నిద్ర పట్టనివ్వకపోవడం. ఆ వయసులో ఒక పాట నచ్చితే వందసార్లు వింటాం. ఇప్పుడు మనలో ఎవరికి అంత తీరిక? 'ఈ కాలం పాటల్లో ఏముంది' అని పెద్దవాళ్లు అన్నప్పుడు, ఆ మాట పాటల గురించి కాదేమో అనిపిస్తుంది నాకు. కొత్త పాటలకి వాళ్ల పద్దెనిమిదేళ్ల వయసు అతుక్కుని లేదు.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్‌లో పెట్ర్ జనాటా 2009లో 13 మంది విద్యార్థులని స్కానర్‌లో పడుకోబెట్టి ఒక్కొక్కరికీ 30 పాటల ముక్కలు వినిపించాడు. అన్నీ వాళ్లకి ఎనిమిది నుంచి పద్దెనిమిదేళ్ల మధ్య ఉన్నప్పుడు వచ్చినవి. సగటున పదిహేడు పాటలు తెలిసినవిగా అనిపించాయి, వాటిలో పదమూడు దాకా సొంత జ్ఞాపకంతో ముడిపడినవే. జ్ఞాపకం ఎంత గాఢమైతే నుదుటి వెనకున్న మెదడు భాగం అంతగా మేలుకుంది. అదే భాగం పాట శ్రుతిలో జరిగే కదలికలని కూడా వెంటాడుతోంది. పాటా, మన గురించి మన ఊహా ఒకే చోట కలుస్తున్నాయన్నమాట.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. పాట తెచ్చే జ్ఞాపకం కళ్లకి కట్టినట్టు ఉంటుంది. అయోవా విశ్వవిద్యాలయంలో 2016లో చేసిన ఒక అధ్యయనంలో ప్రసిద్ధుల ముఖాలు చూపించి వచ్చిన జ్ఞాపకాల కంటే పాటలు వినిపిస్తే వచ్చిన వాటిలో వివరాలు నిండుగా ఉన్నాయి. కానీ నిండుగా ఉన్నంత మాత్రాన నిజమని కాదు. నేను ఇల్లు వదిలి హాస్టల్‌కి వెళ్లిన రోజు బస్సులో ఒక పాట మోగిందని చాలా ఏళ్లు అందరికీ చెప్పాను. కిటికీ పక్క సీటు, ఒళ్లో సంచి, ఆ పాట. ఒకరోజు ఆ పాట ఎప్పుడొచ్చిందో చూశాను. నేను హాస్టల్‌కి వెళ్లిన రెండేళ్లకి వచ్చింది. ఆ రోజంతా బాధపడ్డాను, ఎవరో నా సామాన్లో చెయ్యి పెట్టినట్టు. తర్వాత అర్థమైంది. ఆ పాట నాకు ఒక రోజుని కాదు, ఒక కాలాన్ని గుర్తుచేస్తోంది. హాస్టల్లో ఉన్న ఆ మూడేళ్ల బెంగంతటినీ మనసు ఒక్క బస్సులోకి ఎక్కించింది. బస్సు తప్పు కావచ్చు, బెంగ నిజం. మీ ఇంట్లో భార్యాభర్తలు 'ఆ పాట మనం అక్కడ విన్నాం', 'కాదు, ఇక్కడ విన్నాం' అని వాదించుకుంటుంటే ఇది గుర్తుంచుకోండి. ఇద్దరికీ అంత స్పష్టంగానూ కనిపిస్తూ ఉండొచ్చు.

ఇంకొకటి. ఇది మీరు ఈ రాత్రి నుంచే పాటించొచ్చు కనక కాస్త నిదానంగా చెబుతాను. చిలక్కొయ్యకి ఒక చొక్కా తగిలిస్తే వెళ్లగానే చేతికి అందుతుంది. పాతిక తగిలిస్తే ఏది ఎక్కడుందో దొరకదు. పాట కూడా అంతే. మీకెంతో ముఖ్యమైన పాటని రోజూ వంట చేస్తూ, వ్యాయామం చేస్తూ, ట్రాఫిక్‌లో టెన్షన్ పడుతూ వింటే, ప్రతిసారీ ఆ కొయ్యకి ఇంకో చొక్కా తగిలిస్తున్నట్టే. కొన్నాళ్లకి పాత చొక్కా చేతికి తగలదు. ఏళ్ల తరబడి వినని పాట ఎక్కడో హఠాత్తుగా వినబడి గుండె ఆగినట్టయ్యేది ఇందుకే. దాని మీద ఇంకేమీ తగిలించలేదు. అందుకే నా మాటగా చెబుతున్నాను, ఒకటి రెండు పాటలని ప్లేలిస్టుల్లో పెట్టకండి. ముఖ్యంగా ఇష్టమైన పాటని అలారంగా పెట్టకండి.

ఇక ఆఖరి విషయం. ఇది మాట్లాడటం నాకు అంత సులువు కాదు.

క్లైవ్ వేరింగ్ అని ఇంగ్లండ్‌లో ఒక సంగీతజ్ఞుడు. 1985లో మెదడుకి వైరస్ సోకి జ్ఞాపకశక్తి పోయింది. కొత్తగా జరిగింది ఏదీ కొన్ని క్షణాలకి మించి నిలవదు, పాతదీ చాలావరకు చెరిగిపోయింది. భార్య గదిలోంచి వెళ్లి వెంటనే తిరిగొస్తే ఏళ్ల తర్వాత చూసినట్టు పొంగిపోయేవాడు. అదే మనిషి పియానో ముందు కూర్చుంటే వాయించేవాడు, గాయక బృందాన్ని నడిపించేవాడు. పాట పట్టుకున్నంతసేపూ ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి దారి ఉంది. పాట అయిపోగానే ఆ దారి కూడా అయిపోయేది. అల్జీమర్స్ ఉన్నవాళ్లలో కూడా, పాత పాటల్ని గుర్తుపట్టే మెదడు భాగాలు మిగతా వాటితో పోలిస్తే తక్కువగా దెబ్బతింటున్నాయని 2015లో ఒక జర్మన్ బృందం చూపించింది. దీన్ని మందు అనుకోకండి. పాట జబ్బుని వెనక్కి తిప్పదు.

మా పెద్దమ్మ పిల్లలకి పాటలు నేర్పేది. ఆఖరి మూడేళ్లు ఆవిడకి మేమెవరమూ తెలియదు. ఒక మధ్యాహ్నం నేను ఆవిడ మంచం పక్కన కూర్చుని, ఏమీ తోచక, చిన్నప్పుడు ఆవిడ నేర్పిన పాటే కూనిరాగం తీస్తున్నాను. చటుక్కున నా చెయ్యి పట్టుకుంది. 'అక్కడ దించకూడదు. నిలపాలి' అంది. నేను మళ్లీ అన్నాను. తల అడ్డంగా ఊపింది. తనే పాడి చూపించింది, గొంతు వణుకుతోంది గానీ నిలపాల్సిన చోట నిలిపింది. మూడోసారికి నాకు కుదిరింది. అప్పుడు నా మొహంలోకి చూసి అడిగింది, 'ఎవరు నేర్పారు నీకు?'

'నువ్వే పెద్దమ్మా.'

'నేనైతే అలా నేర్పను' అంది.

అంతే. నన్ను గుర్తుపట్టలేదు. ఆ తర్వాత కూడా పట్టలేదు. కానీ ఆ పది నిమిషాలూ ఆవిడ పేషెంట్ కాదు, టీచర్. మీ ఇంట్లో అలాంటి పెద్దవాళ్లుంటే 'నన్ను గుర్తుపట్టావా' అని పరీక్ష పెట్టకండి. వాళ్ల పదిహేనేళ్ల వయసులో ఏ పాటలు వచ్చేవో కనుక్కుని, ఒకటి ఎత్తుకోండి.

(సభలోంచి ఒకరు: చెడ్డ జ్ఞాపకం అంటుకున్న పాటని విడిపించుకోవచ్చా? మీ పాటని మీరు విడిపించుకున్నారా?)

మంచి ప్రశ్న. బలవంతంగా తెంపడం కుదరదు, నేను ప్రయత్నించాను. ఆ పాట వినబడితే ఛానల్ మార్చేదాన్ని, లేచి బయటికి వెళ్లిపోయేదాన్ని. దానివల్ల ముడి ఇంకా బిగిసింది.

రెండేళ్ల కిందట మా తమ్ముడి కుటుంబం సెలవులకి వచ్చి మా ఇంట్లో నెలరోజులున్నారు. వాడి కూతురికి ఎనిమిదేళ్లు. స్కూల్లో డాన్స్ ఉందని ఆ పాటే ఎంచుకుంది. వాళ్ల నాన్నకి ఇష్టమైన పాట కదా. రోజూ సాయంత్రం హాల్లో ప్రాక్టీసు. వద్దని ఎలా అంటాను? మొదటి వారం వంటగదిలోంచి బయటికి రాలేదు. తర్వాత ఒకరోజు అదే పిలిచింది, 'అత్తా, పాట పెట్టడానికీ ఆపడానికీ నువ్వు కూర్చో' అని. దానికి పల్లవి రెండో పాదంలో ఒక గిరికీ ఉంది, కుదరడం లేదు. కుదరనప్పుడల్లా 'ఆపు అత్తా' అని అరిచేది. నేను ఆపేదాన్ని. సరిగ్గా ఆ మూడో మాట దగ్గర. మళ్లీ మొదటి నుంచి పెట్టడం, మళ్లీ అక్కడే ఆపడం. ఎన్నిసార్లు ఆపానో లెక్క లేదు.

ఇప్పుడు ఆ పాట వినబడితే, ఆ మాట దగ్గర అరచేతులు ఇంకా చల్లబడతాయి. ఎదురు కుర్చీలో ఆయన లేచి నిలబడి జేబు బొత్తాం తీస్తున్నారు. ఆయన పక్కనే ఎనిమిదేళ్ల పిల్ల ఒంటికాలి మీద తూలుతూ, 'ఆపు అత్తా' అంటోంది.